మనవడితో కలిసి కట్టిన పత్రికాఫీసు: లెగో డైలీ బ్యూగుల్

ముక్కలు బిగించి భవనం కట్టుకునే ఈ లెగో పెట్టెలో మొత్తం 25 మంది బొమ్మ మనుషులు ఉన్నారు. అందులో ఏడుగురు పత్రికవాళ్ళు. పిల్లలు హీరోలెంతమంది అని లెక్కపెడతారు. నేను స్టాఫ్ ఎంతమంది అని లెక్కపెట్టాను. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో ముప్పై ఒక్క ఏళ్ళు, అందులో సగానికి పైగా రాత్రి షిఫ్టులో, పనిచేసినవాణ్ణి. పెట్టె మీద స్పైడర్‌మ్యాన్ కథల్లోని దినపత్రిక ‘డైలీ బ్యూగుల్’ బోర్డు కనపడగానే నా కళ్ళు అటే పోయాయి. స్పైడర్‌మ్యాన్ ఆ తర్వాతే కనిపించాడు.

చలికాలానికి మా ఆవిడా నేనూ న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉన్న అమ్మాయి ఇంటికి వచ్చాం. మనవడికి పదకొండో పుట్టినరోజుకి అల్లుడుగారు కొన్నది ఈ సెట్టు. లెగో నెంబరు 76178. 2021లో వచ్చింది. ముక్కలు 3,772. మొదట్లో ధర 299.99 డాలర్లు, తర్వాత 349.99 చేశారు, అంటే మన లెక్కలో సుమారు ముప్పై వేల రూపాయలు. పెట్టె మీద 18 ఏళ్ళు దాటినవాళ్ళకి అని రాసి ఉంది. వాడికి పదకొండు, నాకు అరవై ఆరు, ఇద్దరి వయసూ కలిపితే సరిపోతుందని అమ్మాయి అంది.

కింద అంతస్తు నుంచి పైకి కట్టుకుంటూ పోవాలి. ముక్కలన్నీ నెంబర్లు వేసిన సంచుల్లో ఉంటాయి. ఒక సంచి పూర్తయ్యాకే ఇంకోటి విప్పాలని మొదటిరోజే నియమం పెట్టుకున్నాం. చిన్న ముక్కలు కార్పెట్ మీద పడితే ఇక దొరకవు. అందుకని మా ఆవిడ ఇడ్లీ రేకులు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒక్కో గుంటలో ఒక్కో రకం. బూడిదరంగువి ఒక గుంట, అద్దంలా కనిపించేవి ఒక గుంట, శెనగపప్పంత గుండ్రటివి ఇంకో గుంట. ఇంతకంటే మంచి సాధనం నాకు ఈ పనికి తట్టలేదు. ఈ సెట్టు కొనేవాళ్ళు ముందు రెండు ఇడ్లీ రేకులు దగ్గర పెట్టుకోండి.

సాయంత్రం వాడి హోమ్‌వర్క్ అయ్యాక గంట, గంటన్నర. అలా మూడు వారాలు పట్టింది. ఇక్కడ ఒకమాట నిజంగా చెప్పాలి. ఈ భవనం అంటే కిటికీలు. చట్రం, దాంట్లో అద్దం, కింద గట్టు, పక్కన స్తంభం, మళ్ళీ చట్రం. ఒక అంతస్తు అయిందనుకుంటే పైన అదే వరస. రెండో అంతస్తు సగానికి వచ్చేసరికి మావాడు "తాతయ్యా, ఇవి నువ్వు పెట్టెయ్. మనుషులు వచ్చినప్పుడు నన్ను పిలువు" అని లేచిపోయాడు. వాణ్ణి తప్పుపట్టలేను. పిల్లల ఓపిక పరీక్షించే చోటు ఇదే, ఈ సెట్టులో నాకు కనిపించిన పెద్ద లోపం కూడా ఇదే. ఒక్కో అంతస్తుకి ముఖం కొంచెం మార్చి ఉంటే బాగుండేది. నాకు మాత్రం ఆ పని విసుగనిపించలేదు. పేజీలో ఎనిమిది కాలమ్‌లూ కింద ఒకే గీతకి వచ్చేదాకా కత్తిరించి అతికించిన పేస్టప్ రోజులు గుర్తొచ్చాయి. అక్కడా అంతే, ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగితే పేజీ అంతా వంకరగా కనపడేది.

ఇక్కడా అదే జరిగింది. ఒక పలక మీద బొడిపెలు ఒక గడి పక్కకి పెట్టాను. అప్పుడు తెలియలేదు. పుస్తకంలో మూడు పేజీలు దాటాక గోడ మూలకి చేరలేదు. వెనక్కి విప్పుకుంటూ వచ్చాం. ముక్కల్ని విడదీయడానికి చిన్న ప్లాస్టిక్ పనిముట్టు కూడా ఇచ్చారు. అది లేకపోతే నా గోళ్ళు మిగిలేవి కావు. విప్పి మళ్ళీ బిగించిన గోడ మొదటిసారి ఎంత గట్టిగా కూర్చుందో రెండోసారీ అంతే గట్టిగా కూర్చుంది. ప్లాస్టిక్ నాణ్యత గురించి ఇంతకంటే రుజువు నాకు అక్కర్లేదు.

పూర్తయ్యాక ఎత్తు 82 సెంటీమీటర్లు. మా మనవడి నడుము దాటింది. వెడల్పు, లోతు రెండూ 27 సెంటీమీటర్లే. కాబట్టి అలమరలో చోటు దొరుకుతుంది, పైన ఎత్తు చాలాలి అంతే. ముందు గోడలు ఊడదీసి లోపల చూడొచ్చు, అంతస్తులు విడిగా పైకి తీయొచ్చు. ఇది చాలా బాగా ఆలోచించి చేశారు. రూపకర్త మార్క్ జాన్ స్టాఫర్డ్. ఒక అంతస్తుని బల్ల మీద పెట్టుకుని మావాడు ఒక్కడే ఆడుకుంటుంటే మిగతా భవనం పక్కన భద్రంగా ఉంటుంది. వెనక సందు ఉంది. పసుపుపచ్చ టాక్సీ ఉంది. పైకప్పు మీద పత్రిక పేరున్న పెద్ద బోర్డు ఉంది.

సెలవుల్లో ఒకరోజు మాన్‌హటన్ తీసుకెళ్ళారు. సినిమాల్లో బ్యూగుల్ ఆఫీసుగా చూపించింది ఐదో అవెన్యూ, బ్రాడ్‌వే కలిసేచోట ఉన్న ఫ్లాట్ఐరన్ భవనాన్ని. 1902లో కట్టింది, ఇస్త్రీ పెట్టె ముక్కులా మొనదేలి ఉంటుంది. మనవడు దాని కింద నిలబడి తల వెనక్కి వంచి చాలాసేపు చూశాడు. "మనది చదరంగా ఉంది కదా తాతయ్యా, ఇది మూడు మూలలుంది" అన్నాడు. నిజమే. లెగో వాళ్ళు సినిమా భవనాన్ని కాక తమదే ఒకటి కట్టారు. ఆ నిర్ణయం నాకు నచ్చింది. చదరపు ఆఫీసులోనే బల్లలు సరిగ్గా వేయగలం.

అన్నిటికంటే మంచి చోటు విలన్ గ్రీన్ గాబ్లిన్ దూకే కిటికీ. అన్ని కిటికీలూ ఒకేలా పెట్టి పెట్టి చేతులు అలవాటుపడ్డాక ఇది వస్తుంది. అద్దం పగిలి ముక్కలు గాల్లో ఆగిపోయినట్టుంటుంది. ఆ వరసల విసుగంతా ఈ ఒక్కచోట ఫలించింది. మావాడు దీన్ని నన్ను ముట్టుకోనివ్వలేదు. నాలిక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్కో పెంకూ తనే పెట్టాడు.

ఇక మనుషులు. విలన్లు ఆరుగురు: వెనమ్, కార్నేజ్, గ్రీన్ గాబ్లిన్, డాక్టర్ ఆక్టోపస్, మిస్టీరియో, శాండ్‌మ్యాన్. సాహసవీరుల పక్క తొమ్మిది మంది. డేర్‌డెవిల్, బ్లేడ్, పనిషర్ లెగో సెట్లలోకి రావడం ఇదే మొదలు కాబట్టి సేకరించేవాళ్ళు వీళ్ళ కోసమే కొంటారని అల్లుడుగారు చెప్పారు. మావాడికి మాత్రం పంది మొహం ఉన్న స్పైడర్-హ్యామ్ ప్రాణం. అది స్కూలు బ్యాగులో కూడా వెళ్ళొచ్చింది. మే అత్తయ్య, గ్వెన్ స్టేసీ, టాక్సీ నడిపే బెర్నీ ముగ్గురూ మామూలు మనుషులు. వాళ్ళకీ బొమ్మలు చేసినందుకు సంతోషించాను.

మిగిలినవాళ్ళు ఏడుగురు, నావాళ్ళు. జె. జోనా జేమ్‌సన్ అరిచే యజమాని. పక్కనే రాబీ రాబర్ట్‌సన్. పత్రిక తెలిసిన ఎవరికైనా తెలుసు, అరిచే ఆయన ఒకరైతే పత్రికని తెల్లారేసరికి బయటికి పంపేది ఇంకొకరు. ఆ ఇంకొకరు రాబీ. నేనైతే ఆయన్ని ఎడిటర్ గది గుమ్మం దగ్గర నిలబెట్టాను, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. బెన్ యూరిక్ పరిశోధన వార్తల మనిషి. బెట్టీ బ్రాంట్, రాన్ బార్నీ, ఆంబర్ గ్రాంట్ ఉన్నారు. ఏడోవాడు పీటర్ పార్కర్, కెమెరాతో.

పీటర్‌ని చేతిలో పట్టుకుని మనవడు అడిగాడు: "తాతయ్యా, ఇతను రోజూ ఫొటోలు తెస్తాడు కదా, ఇతనికి బల్ల ఏది?"

లేదు. అతను ఉద్యోగి కాదు, ఫొటోకింత అని ఇస్తారు. ఇది వాడికి ఎక్కలేదు. అప్పుడు వాడికి మన కంట్రిబ్యూటర్ల గురించి చెప్పాను. మండలంలో ఉండి వార్త పంపుతాడు, జీతం ఉండదు, నెలాఖరుకి ‘లైన్ అకౌంట్’ వస్తుంది. అచ్చయిన వార్త ఎంత జాగా పట్టిందో కొలిచి ఇచ్చే డబ్బు. 2009 అక్టోబరులో కృష్ణకి వరద వచ్చి ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిన రాత్రి, అవనిగడ్డ వైపు నుంచి మా కంట్రిబ్యూటర్ ఒకతను మోటారుసైకిల్ మీద ఆఫీసుకి వచ్చాడు. ఒళ్ళంతా బురద. కెమెరా కార్డుని పాలిథిన్ కవర్లో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు. ఆ ఫొటో మొదటి పేజీలో ఆరు కాలమ్‌ల మీద పడింది. నెలాఖరున లెక్కలో దానికి ఎంత వచ్చిందో నాకు తెలుసు. మనవడికి ఆ అంకె చెప్పలేదు. వాడు కాసేపు ఆలోచించి పీటర్‌ని తీసుకెళ్ళి రాబీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు.

ఈ సెట్టు తయారుచేసినవాళ్ళకి పత్రిక తెలుసు అని నాకు నమ్మకం కుదిరింది ఇక్కడే. హీరోల్ని మాత్రమే అమ్మాలనుకుంటే బెన్ యూరిక్ అక్కర్లేదు, ఆంబర్ గ్రాంట్ అసలే అక్కర్లేదు. అయినా చేశారు, పేర్లతో సహా.

కానీ రెండు లోట్లు. ఒకటి స్టిక్కర్లు. ఇంత డబ్బు తీసుకున్నాక ప్రతి అక్షరం ముక్క మీదే అచ్చు వేసి ఇవ్వాలి. స్టిక్కరు వంకరగా అంటితే జన్మంతా వంకరే. మేము అతికించినవాటిలో ఒకటి వంకర పోయింది, దాన్ని చూసినప్పుడల్లా నా చెయ్యి దిద్దడానికి పోతోంది.

రెండోది ఇంకా పెద్దది. ఈ భవనంలో ప్రెస్సు లేదు. పత్రికాఫీసు అంటే నాకు కింద తిరిగే మిషను. అర్ధరాత్రి మేము పేజీలు వదిలేశాక కింద మిషను మొదలయ్యేది. బల్ల మీద గాజు గ్లాసులో టీ సన్నగా వణికేది. ఆ వణుకు వస్తేనే ఇంటికి వెళ్ళడానికి చెప్పులు వేసుకునేవాళ్ళం. అది లేకుండా 82 సెంటీమీటర్ల ఆఫీసు కట్టి పెడితే నాకు తృప్తి కలగలేదు.

మావాడికి చెప్పాను. వాడు మంచం కిందనుంచి పాత లెగో డబ్బా లాగాడు. లెగో ఇటుకకి పేటెంటు అడిగింది 1958లో, అప్పటి ఇటుక ఇప్పటిదానికి ఇంకా అతుకుతుంది. అందుకని ఏ సెట్టు ముక్కైనా దీనికి సరిపోయింది. రెండు చక్రాల ఇరుసుల్ని రోలర్లుగా పెట్టాం. మధ్యలోంచి తెల్లటి నున్నటి పలకలు వరసగా వచ్చేటట్టు బిగించాం. వెనక సందులో గోడకి ఆనించి పెట్టాం. రోలరు చేత్తో తిప్పితే నిజంగా తిరుగుతుంది.

కొనాలా అంటే, ఎనిమిదేళ్ళ పిల్లాడికి, ఢీకొట్టి ఆడే పిల్లాడికి మాత్రం వద్దు. ఆ డబ్బుకి చిన్న సెట్లు నాలుగైదు వస్తాయి, వాడికి అవే ఆనందం. కిటికీలు పెట్టడానికి ఓపిక ఉన్న పెద్ద మనిషి పక్కన కూర్చునే ఇల్లయితే కొనండి. మన ఊళ్ళకి తెచ్చుకుంటే తలుపులున్న అద్దాల అలమరలో పెట్టండి. ఇన్ని అంచులున్న బొమ్మ మీద బెజవాడ దుమ్ము పడితే తుడవడం అయ్యే పని కాదు. మోసేటప్పుడు పైన పట్టుకోవద్దు. అంతస్తులు ఊడే కట్టుబడి కాబట్టి కింద పీట పట్టుకునే లేపాలి.

నిన్న పొద్దున లేచి చూస్తే టాక్సీ వెనక సందులోకి వచ్చి ఉంది. డిక్కీ మీద తెల్ల పలకలు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. బెర్నీ స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. ఇదేంట్రా అని మనవణ్ణి అడిగితే, టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకుని, "పేపర్ పార్సిళ్ళు తాతయ్యా, రెండున్నరకి వెళ్ళాలి కదా" అన్నాడు.