పిల్లలకు ఎండోస్కోపీ చేయిస్తున్నారా? మత్తు ఎవరిస్తారో ముందే అడగండి

పోయిన నెల మా పాపను హనుమకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఏడేళ్ల పిల్ల. మూడు వారాలుగా కడుపునొప్పి, వాంతులు. ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం వేసి కడుపు లోపల చూసే పరీక్ష, చేయాలన్నారు. పరీక్ష అవసరమేనని తర్వాత చూసిన మరో డాక్టరూ చెప్పారు కాబట్టి దాని మీద నాకు పేచీ లేదు. నా గొడవంతా మత్తు గురించే.

ముందురోజు ఫోను చేసి అడిగితే కౌంటరులోని అమ్మాయి "పాలే కదండీ, పరవాలేదు" అంది. పరకాలలో బయలుదేరే ముందు 6 గంటలకు గ్లాసుడు గేదెపాలు తాగించాం. 10 గంటలకు మత్తు సూది వేశారు. మంచినీళ్లు తాగి 2 గంటలైతే చాలట కానీ, గేదెపాలైనా ఇడ్లీ అయినా 6 గంటలు గడవాలట. మత్తులో అవి పైకి తన్నితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పొద్దున ఏం పెట్టారని అక్కడ ఒక్కరూ అడగలేదు.

బరువూ తూచలేదు. "ఎంతుంటుందమ్మా?" అన్నారు. "20 కిలోలుంటుందేమో" అన్నాను. మత్తుమందు కిలోల లెక్కన ఇస్తారని నాకేం తెలుసు! తర్వాత తూయిస్తే 16న్నర.

అరగంటకల్లా తీసుకెళ్లమన్నారు. పిల్ల కళ్లు తెరవడం లేదంటే "ఇంటికెళ్లి పడుకుంటే అదే తగ్గుతుంది" అన్నారు. ఆటోలో నా ఒడిలో కూర్చోబెట్టుకున్నాను. చౌరస్తా దాటకముందే తల ముందుకు వాలి గడ్డం గుండెకు ఆనింది. గురక లాంటి చప్పుడు, కాసేపటికి అదీ ఆగింది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. పక్కనున్న మా అత్తయ్య గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. అప్పుడు ఈడ్చుకుంటూ ఒక ఊపిరి వచ్చింది. ఆటో వెనక్కి తిప్పించాం. సాయంత్రం దాకా ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు బాగానే ఉంది.

బిల్లు చూశాక మండిపోయింది. "మత్తు డాక్టరు ఫీజు 3,500" అని ఉంది. గదిలో మత్తు డాక్టరే లేరు! సూది వేసిందీ గొట్టం వేసిందీ ఒకే డాక్టరు. ఉన్న ఒక్క నర్సు మధ్యలో రెండుసార్లు బయటికి వెళ్లడం నా కళ్లారా చూశాను.

కాబట్టి డబ్బు కట్టకముందే అడగండి: పరీక్ష చేసే డాక్టరు కాక, పిల్ల ఊపిరిని మాత్రమే కనిపెట్టుకుని ఉండే మనిషి ఎవరు? రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే వేలి క్లిప్పు ఒక్కటే ఉందా, వదిలే గాలిని కొలిచే యంత్రం కూడా ఉందా? ముక్కుకు ఆక్సిజన్ పెట్టినప్పుడు ఊపిరి ఆగినా క్లిప్పులో అంకె వెంటనే పడదని తర్వాత చూపించిన మరో ఆస్పత్రిలోని మత్తు డాక్టరు చెప్పారు. జలుబు, రాత్రిళ్లు గురక, టాన్సిల్స్ వాపు ఉంటే వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. పిలిస్తే పలికి, తల తానుగా నిలిపేదాకా మంచం దిగనివ్వకండి.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే ఆ 3,500 తిరిగిస్తామని ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. ఫిర్యాదు జిల్లా వైద్యాధికారి కార్యాలయంలోనే ఉంది, డబ్బు వాళ్ల దగ్గరే ఉంది.