ఎండ తగలకుండా ఎండబెట్టే పెట్టె: కొన్నేళ్లు వాడాక

మిరపకాయ ఎండడానికి దాని మీద ఎండ పడాల్సిన పని లేదు. వేడి గాలి ఆడితే చాలు. ఈ ఒక్క మాట నమ్మి 2021లో మా తెనాలి ఇంటి డాబా మీద సోలార్ డ్రయ్యర్ కట్టించుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ నమ్మకం అలాగే ఉంది. పెట్టె మీద మాత్రం కొన్ని ఫిర్యాదులున్నాయి. అవీ చెబుతాను.

ఎలా కట్టాలో చూపించే వీడియోలు బోలెడున్నాయి కాబట్టి కొలతల జోలికి పోను. రకాల సంగతి మాత్రం చెప్పాలి. చాలామంది చేసుకునేది పైన అద్దమో ప్లాస్టిక్ షీటో వేసి, కాయల మీద నేరుగా ఎండ పడనిచ్చే పెట్టె. చవక, ఒక పూటలో అయిపోతుంది. మాది అది కాదు. కింద ఏటవాలుగా నల్ల రంగు వేసిన రేకు, దాని మీద అద్దం, దక్షిణం వైపు ముఖం. రేకు మీదుగా వేడెక్కిన గాలి పైకి లేచి, పక్కనే ఆనించిన పాత చెక్క అలమరలోకి వెళ్తుంది. అలమరలో స్టీలు జాలీ కొట్టిన అరలు, వాటి మీద కాయలు, నెత్తిన నల్ల గొట్టం. తలుపు వేస్తే లోపల చిమ్మచీకటి. కాయ సూర్యుణ్ణి చూడదు.

ఆ చీకటే నాకు ఈ పెట్టెలో ప్రాణం. మిరప ఎరుపు కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్ల వస్తుంది. వెలుతురు, గాలి, అతి వేడి మూడూ కలిసి దాన్ని తినేస్తాయి. మొదటి ఏడాది నేను పెంచే విపరీతమైన ఘాటు మిరప, భూత్ జొలోకియా కాయలు కొన్ని లోపలి అరల్లో పెట్టి, కొన్ని పళ్లెంలో పిట్టగోడ మీద ఎండబెట్టాను. పళ్లెంలోవి ఒకవైపు ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. లోపలివి మాత్రం ముదురు ఎరుపుతోనే ఉన్నాయి. రంగు కంటే నన్ను కట్టిపడేసింది వాసన. ఈ జాతి కాయల్లో ఘాటు వెనకాల పండు వాసన ఒకటుంటుంది, మన గుంటూరు కాయలో ఉండనిది. పళ్లెంలో అది పూర్తిగా పోయింది. అలమర తలుపు తీయగానే గుప్పుమంది. కారం కోసం కాదు, ఆ వాసన కోసమే నేను ఈ మొక్కలు పెంచుతున్నాను.

మా అన్నయ్య సత్తెనపల్లి దగ్గర తేజ రకం మిరప వేస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక కాయ విరిచి చూసి, "కోల్డ్ స్టోరేజీలోంచి తీసిన కాయలాగుందమ్మాయ్, రంగు ఇంత నిలబడిందేంటి?" అన్నాడు. ఏటా కళ్లంలో పట్టాలు పరిచి, పగలు తిరగేసి, రాత్రి మంచు పడకుండా కప్పి, చివరికి కూలీలను పెట్టి తాలుకాయ (రంగు పోయి తెల్లబడిన కాయ) ఏరించే మనిషి అన్న మాట అది. తాలుకి తెగుళ్లు కూడా కారణమే అనుకోండి. కానీ కళ్లంలో ఎండ, మంచు, వాన మధ్య నలిగి తెల్లబడే కాయ తక్కువేమీ కాదు. మార్కెట్ యార్డులో దాని ధర ఎంత పడిపోతుందో మిరప వేసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

కాయల పెంపకం గురించి నాలుగు మాటలు. ఎందుకంటే డ్రయ్యర్ కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి. భూత్ జొలోకియా, దానిలాగే ఘాటైన కరోలినా రీపర్ మన తేజ లాంటి రకాలు కావు. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో తేజ లక్ష యూనిట్ల దరిదాపుల్లో ఉంటే, 2007లో గిన్నిస్‌కి ఎక్కిన భూత్ జొలోకియా పది లక్షలు దాటింది. విత్తనం మొలకెత్తడానికి మూడు నాలుగు వారాలు తీసుకున్నా కంగారు పడకూడదు. మొక్క నెమ్మదిగా సాగుతుంది, కాయ పండడానికీ ఎక్కువ కాలం పడుతుంది. ఏప్రిల్, మే ఎండలకు పూత మొత్తం రాలిపోతుంది. షేడ్ నెట్ కట్టినా మా డాబా మీద నిలబడలేదు. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి, ఇది మన రైతులందరికీ తెలిసిందే. 2021లో పొలాలను ఊడ్చేసిన నల్ల తామర పురుగు మా గ్రో బ్యాగులనూ వదల్లేదు, నేరుగా పూలలోనే కాపురం పెట్టింది.

వీటన్నిటి వల్ల తేలిందేమిటంటే, మా దగ్గర ఈ కాయ జూన్‌లో నారు పోస్తే నవంబరు చివర్లో పండడం మొదలుపెడుతుంది. అంటే కాయ చేతికొచ్చేది సరిగ్గా తుపాన్ల రోజుల్లో, పొద్దు తక్కువగా ఉండే రోజుల్లో, తెల్లారి ఎనిమిదైనా పొగమంచు విడవని రోజుల్లో.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు బాపట్ల ఎంతో దూరం కాదు. అంతకు ముందే అరలన్నీ నిండా నింపాను. ఆ ఏడు కాపు ఎన్నడూ లేనంత బాగుంది, ఎర్రగా ముడతలు ముడతలుగా చూడముచ్చటైన కాయలు. సగం ఎండి ఉన్నాయి. తుపాను కబురు రాగానే మా ఆయన పెట్టెను తాళ్లతో పిట్టగోడకు బిగించారు, గొట్టం మీద మూత ఉంది, అద్దం చుట్టూ సీలు ఉంది. గాలివాన మా ఇంట్లో చాలా వాటిని అటూ ఇటూ చేసింది గానీ పెట్టెలోకి ఒక్క చుక్క నీరు రాలేదు. తర్వాత మబ్బు రోజులు సాగాయి. మళ్లీ ఎండ రాగానే థర్మామీటరు యాభై దాటింది. కాయలు గలగలమనేదాకా ఎండాయి. తీసి చూస్తే రంగు అద్భుతం. నేనైతే పొంగిపోయాను.

పొడి కొట్టే ముందు ముచ్చికలు తీస్తూ ఒక కాయ చీల్చాను. లోపల బూడిద రంగు బూజు. ఇంకోటి చీల్చాను. అందులోనూ అంతే. పైన మచ్చ లేదు, వాసనలో తేడా లేదు, లోపల మాత్రం గింజల చుట్టూ దూదిలా పట్టేసింది. మిరపలో కారం ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. సరిగ్గా ఆ పొర మీదే బూజు. పది లక్షల యూనిట్ల కారం ఉన్నచోట అది ఎలా బతికిందో అనిపించింది గానీ, దానికి కావల్సింది తేమే, అది పుష్కలంగా దొరికింది.

అన్నయ్యకు ఫోన్ చేస్తే, "పొరపాటున కూడా వాడొద్దమ్మాయ్. వేయించినా పోదది" అన్నాడు. నిజమే. మిరపకు పట్టే బూజుల్లో అఫ్లటాక్సిన్ తయారుచేసేవి ఉంటాయి. ఆ విషం ఇంట్లో వేయిస్తే పోయేది కాదు. యూరప్‌కి వెళ్లే ఎండుమిర్చిలో మొత్తం అఫ్లటాక్సిన్లు కిలోకు 10 మైక్రోగ్రాములు మించకూడదని నిబంధన ఉందంటే దాని సంగతి అర్థం చేసుకోవచ్చు. బాగున్న కాయలు ఏరుకుందామన్న ఆశ కూడా పెట్టుకోలేదు. మొత్తం గొయ్యి తీసి పూడ్చేశాం. ఏడు నెలల పెంపకం అలా మట్టిలో కలిసింది. నాకు ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది.

తర్వాత అసలు కారణం వెతికాను. మబ్బు ఒక్కటే కాదు, ఈ రకం పెట్టె నిర్మాణంలోనే ఒక లోపం ఉంది, వీడియోల్లో దాన్ని ఎవరూ నొక్కి చెప్పరు. పగలు రేకు వేడిగా ఉన్నంతసేపు గాలి కింద నుంచి పైకి నడుస్తుంది. రాత్రి రేకు చల్లబడగానే దారి తిరగబడుతుంది. గొట్టంలోంచి బయటి చల్లగాలి తేమను మోసుకుని లోపలికి దిగుతుంది. పగలంతా కాయ వదిలిన తేమలో కొంత రాత్రికి మళ్లీ కాయకే చేరుతుంది. మార్చిలో రాత్రులు పొడిగా ఉంటాయి కాబట్టి తెలియదు. డిసెంబరు మంచులో, కృష్ణా డెల్టాలో, ఇది చిన్న విషయం కాదు. పైగా మిరపకాయ పై తొక్క మీద మైనం పొర ఉంటుంది, లోపల బోలు. ముచ్చిక ఉన్నంతవరకు లోపలి తేమ సులువుగా బయటకు రాదు. అందుకే పైన గలగలమంటూ, లోపల కుళ్లింది.

ఆ ఏడు తర్వాత పద్ధతి మారింది. కింద గాలి దారికి, పైన గొట్టానికి రేకు మూతలు పెట్టించాను. పొద్దు వాలి రేకు చల్లబడకముందే రెండూ మూసేస్తాం, పొద్దున ఎండ పడ్డాక తీస్తాం. ఇల్లు వదిలి వెళ్లాల్సిన రోజు పక్కింటి పిన్నిగారికి ఆ పని అప్పజెబుతాను. ఇక ఘాటు రకాలను నిలువునా చీల్చకుండా లోపల పెట్టడం మానేశాను. చీల్చితే ఎండే కాలం బాగా తగ్గిపోతుంది, లోపల ఏముందో కళ్లకు కనిపిస్తుంది. చీల్చడం మాత్రం చాకిరీ. నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, డాబా మీదే, గాలికి ఎదురుగా కాకుండా కూర్చుని చేయాలి. చేతికి అంటితే నీళ్లతో పోదు, ముందు నూనె రాసి తుడిచి ఆ తర్వాత సబ్బు. మబ్బు కమ్మిందంటే అరలు తీసి లోపలి గదిలో ఫ్యాన్ కింద పెడతాను. ఆ గదిలోకి పిల్లల్ని రానివ్వను.

చీల్చిన దగ్గర్నుంచి మొదట చెప్పిన వాసన కొంత తగ్గింది, అది దాచను. కాయ మొత్తంగా ఎండినప్పుడు గుప్పుమన్నంత ఇప్పుడు రాదు. రంగు కూడా కోసిన అంచుల దగ్గర కాస్త నల్లబడుతుంది. పళ్లెంలో ఎండినవాటి కంటే ఇప్పటికీ చాలా మెరుగే. కానీ మొదటి ఏడాది చూసిన స్థాయి మళ్లీ చూడలేదు.

గొట్టంలో చిన్న సోలార్ ప్యానెల్‌తో నడిచే కంప్యూటర్ ఫ్యాన్ పెడితే ఇంకా తొందరగా ఎండుతుందని కొందరు అంటారు. పెట్టి చూశాం. కాయ పచ్చిగా ఉన్న మొదటి రోజు బాగా పనిచేస్తుంది, తేమను తోడేస్తుంది. ఆ తర్వాత గాలి వేగం ఎక్కువై లోపలి వేడి పడిపోతుంది. శీతాకాలంలో అసలే వేడి కష్టం మీద యాభైకి చేరుతుంది. అందుకే మొదటి రోజు దాటగానే ఆపేస్తాను. వేసవిలో ఇబ్బంది దీనికి తిరగేసి ఉంటుంది. అరవై అయిదు దాటితే కాయ నల్లబడుతుంది కాబట్టి మధ్యాహ్నం అద్దం మీద గోనెపట్టా సగం కప్పాలి.

ఇందులో నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. ఈ పెట్టె బ్రహ్మాండంగా పనిచేసేది ఫిబ్రవరి, మార్చిలో. అన్నయ్య పంపిన తేజ అప్పుడు నాలుగైదు రోజుల్లో గలగలమంటుంది, చీల్చే పని కూడా లేదు, పలచటి కాయ. కళ్లంలో అయితే వారం పది రోజులు. కానీ ఆ నెలల్లో కళ్లంలోనూ కాయ బాగానే ఎండుతుంది. పెట్టె అవసరం నిజంగా పడేది డిసెంబరులో. అప్పుడే అది నీరసంగా ఉంటుంది. ఎండతో నడిచేది కాబట్టి అంతే అనుకోవాలి. నా అసలు కాయలు మాత్రం డిసెంబరులోనే పండుతాయి.

అన్నయ్య పొలానికి ఇది పనికొస్తుందా అని వదిన అడిగింది. రాదు. మా అరల్లో ఒకసారికి ఆరేడు కిలోల పచ్చికాయ పడుతుంది. ఎకరానికి ఇరవై క్వింటాళ్ల ఎండుమిర్చి దిగే చోట ఆ లెక్క ఎక్కడ సరిపోతుంది? వాళ్లకు పాలీహౌస్ లాంటి పెద్ద డ్రయ్యర్లు వేరే ఉన్నాయి, వాటి ఖర్చు వేరు. ఇంటి వాడకానికి ఏడాదికి సరిపడా తేజ ఎండబెట్టుకోవడానికి మాత్రం వదిన ఏటా రెండు సంచులు ఇక్కడికే పంపుతుంది. వాళ్లింట్లో కారానికి రంగు ఇప్పుడు వేరుగా ఉంటుందని తనే చెబుతుంది.

మాకు పాత అలమర, పాత కిటికీ అద్దం ఇంట్లోనే ఉన్నాయి, పగలంతా కనిపెట్టుకుని ఉండే మనిషిని నేనున్నాను, పైన నీడ పడని డాబా ఉంది. అందుకే గిట్టింది. రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లు సాయంత్రం మూతలు వేయలేరు. వాళ్లు చిన్న కరెంటు డీహైడ్రేటర్ కొనుక్కోవడమే మేలేమో, నాలుగు గ్రో బ్యాగుల కాయకు అది చాలు. చెక్క వానకు ఉబ్బి తలుపు బిగుసుకుపోతోంది కాబట్టి ఈసారి పెట్టెను రేకుతోనే చేయించాలని ఉంది, లోపలివైపు మందంగా థర్మాకోల్ కొట్టించి. అనంతపురం, కర్నూలు వైపు గాలిలో తేమ మాకంటే బాగా తక్కువ. అక్కడైతే భూత్ జొలోకియా చీల్చకుండానే లోపలిదాకా ఎండే అవకాశం ఉంది. తెనాలిలో మాత్రం చీల్చాల్సిందే, సాయంత్రం మూతలు వేయాల్సిందే.