కెంటకీ గుర్రాలు, దేవరకొండ పిల్లలు: ఒక ఆన్‌లైన్ ప్రదర్శన గురించి

డిజిటల్ పబ్లిక్ లైబ్రరీ ఆఫ్ అమెరికా వెబ్‌సైట్‌లో అక్కడి పౌర గ్రంథాలయాల చరిత్ర మీద ‘ఎ హిస్టరీ ఆఫ్ యూఎస్ పబ్లిక్ లైబ్రరీస్’ అనే ప్రదర్శన ఉంది. డబ్బు కట్టనక్కర్లేదు, పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. దేవరకొండలో సాంఘిక శాస్త్రం చెప్పే నేను దీన్ని తొమ్మిదో తరగతి పిల్లలకు తెర మీద చూపించాను. తోటి ఉపాధ్యాయులు తప్పకుండా చూడాలని ఇది రాస్తున్నాను.

2013లో మొదలైన ఈ వేదిక దేశమంతటా గ్రంథాలయాలు, మ్యూజియాలు స్కాన్ చేసి పెట్టుకున్నవాటిని ఒకేచోట వెతుక్కునే వీలు కల్పిస్తుంది. ఆ రాశిలోంచి ఏరి, కథగా పేర్చినవే ప్రదర్శనలు. చిన్న ఊళ్ల గ్రంథాలయ ఉద్యోగులకు స్కానింగ్ నేర్పి, వాళ్ల చేత చేయించినవీ ఉన్నాయి. మోంటానా రాష్ట్ర పరిశ్రమల మీద ఉన్నది అలాంటిదే.

మా తరగతి చాలాసేపు ఆగిపోయింది కెంటకీ రాష్ట్రపు కొండల దగ్గర. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1935 నుంచి 1943 వరకు, రోడ్లు లేని పల్లెలకు ఆడవాళ్లు గుర్రాల మీద పుస్తకాలు మోసుకెళ్లారు. పుస్తకాలు చాలక, చిరిగిన పత్రికల్లోంచి వంటల వివరాలూ బొంతల నమూనాలూ కత్తిరించి, అట్టలకు అతికించి కొత్త పుస్తకాలు కుట్టేవారు. తండా నుంచి వచ్చే ఒకమ్మాయి ‘‘గుర్రం ఎవరిది మేడం?’’ అని అడిగింది. సర్కారు ఇవ్వలేదు, సొంతదో అద్దెదో వాళ్లే తెచ్చుకోవాలి. జీతం నెలకు 28 డాలర్లు. మేత ఖర్చు పోగా ఏం మిగులుతుందని పిల్లలు లెక్కలు మొదలుపెట్టారు. ఏ పాఠ్యపుస్తకంతోనూ నేను రాబట్టలేని చర్చ అది.

నల్లజాతివారిని గ్రంథాలయాలకు దూరంగా ఉంచిన చరిత్రను దాచకుండా పెట్టడం నాకు మరీ నచ్చింది. అక్కడ ఆగి నేను మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ నగరం సంగతి కలిపి చెప్పాను. 1961లో తొమ్మిదిమంది విద్యార్థులు తెల్లవారి గ్రంథాలయంలో కూర్చుని చదివినందుకు అరెస్టయ్యారు. ఊరి బావి దగ్గర ఎవరిని ఆపేవారో పిల్లలకు తెలుసు కనుక వేరే వివరణ అవసరం పడలేదు.

ప్రతి బొమ్మ కింద అది ఏ గ్రంథాలయానిదో ఉంటుంది, నొక్కితే అసలు వివరాల పుట తెరుచుకుంటుంది. లోటల్లా భాషే. అంతా ఇంగ్లీషు, అదీ మా పిల్లలకు బరువైన ఇంగ్లీషు. బొమ్మ కింది మాటలు ముందురోజు రాత్రి నేను తెలుగులో రాసుకోవలసి వచ్చింది.

చూస్తున్నంతసేపూ నీలగిరి పత్రికే గుర్తొచ్చింది. షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నల్లగొండలో దాన్ని మొదలుపెట్టింది 1922లో. సభ పెట్టుకోవాలన్నా నిజాం సర్కారు అనుమతి కావలసిన కాలమది. 1931లో నిజాం రాజ్యంలోని తెలుగువారి రెండవ ఆంధ్రమహాసభ జరిగింది మా దేవరకొండలోనే. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక పాత సంచికలు స్కాన్ అయి నెట్లో దొరుకుతున్నాయి కూడా. కానీ తేదీ తెలిసినవాడికే అవి తెరుచుకుంటాయి. ఒక సంచిక ఎందుకు చదవాలో, అందులో మన ఊరు ఎక్కడుందో చెప్పేవారుండరు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా ప్రతాపరెడ్డి గారు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆ ఒక్క సంగతి మీదే అందమైన ప్రదర్శన కట్టవచ్చు. స్కానింగ్‌కు పెట్టిన ఖర్చులో కొంతైనా ఊరి సంగతులు తెలిసినవారిని కూర్చోబెట్టి వరస పేర్పించడానికి పెడితే ఎంత బాగుండును!

చూడదలచినవారు ఫోనులో కాకుండా కంప్యూటర్‌లో తెరవండి. పిల్లలకైతే కెంటకీ గుర్రాలతో మొదలుపెట్టండి, పారిశ్రామికవేత్త కార్నెగీ కట్టించిన గ్రంథాలయ భవనాల భాగం తర్వాత చూపించవచ్చు. నేను రాసుకున్న తెలుగు వాక్యాలు కావలసిన ఉపాధ్యాయులు అడిగితే పంపిస్తాను.