4×8 కిట్ ట్రైలర్ మీద టియర్‌డ్రాప్ క్యాంపర్: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

విడిభాగాలుగా వచ్చి, మనమే బోల్టులు బిగించుకునే 4×8 అడుగుల చవక ట్రైలర్ ఫ్రేము టియర్‌డ్రాప్‌కి, అంటే లోపల పడక, వెనక వంటగది ఉండే కన్నీటిచుక్క ఆకారపు చిన్న క్యాంపర్‌కి, సరిపోతుందా? సరిపోతుంది. తారు రోడ్లమీదా కంకర దారుల్లోనూ కొన్నేళ్లు లాగాక కూడా సి-ఛానల్ ఇనుము ఎక్కడా వంగలేదు, చిట్లలేదు. పని పెట్టినవన్నీ దాని కింద ఉండేవే: కమాను కట్టలు (ఉక్కు పట్టీలు పేర్చిన లీఫ్ స్ప్రింగులు), హబ్బులు (బేరింగులుండే, చక్రం బిగించే భాగాలు), చక్రాలు, వైరింగు. అందుకే కొనేటప్పుడు ఛానల్ మందం చూసి మురిసిపోకుండా కిందకి వంగి చూడాలి.

4×8 సైజు ఎందుకంటే ప్లైవుడ్ షీటు అదే సైజులో వస్తుంది. నేలకి ఒక్క షీటు చాలు, మధ్యలో అతుకు ఉండదు. సామాను, నీళ్లు, బ్యాటరీతో కలిపి మామూలు టియర్‌డ్రాప్ మొత్తం 400 నుంచి 550 కిలోలు తూగుతుంది. కిట్ మీద రాసిన సామర్థ్యం ఫ్రేము సొంత బరువుతో కలిపి చెప్పారా, విడిచి చెప్పారా అన్నది ముందే తేల్చుకోండి. ఈ సైజు ఫ్రేమే 110-120 కిలోల దాకా ఉంటుంది కాబట్టి తేడా చిన్నది కాదు.

చక్రాల దగ్గర బేరం వద్దు. 8 అంగుళాల చక్రంతో వచ్చే కిట్ ఎంత చవకైనా వదిలేయండి. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో 4.80-8 టైరు నిమిషానికి 1,000కి పైగా తిరుగుతుంది, 4.80-12 టైరు 800 దగ్గర తిరుగుతుంది. చిన్న చక్రానికి బేరింగులు త్వరగా వేడెక్కుతాయి, గుంటలో అది మరీ లోతుకి దిగుతుంది. 12 అంగుళాలు కనీసం, 13 దొరికితే ఇంకా మంచిది. స్టెప్నీ చక్రం ఫ్రేముతోపాటే కొనేయండి. ఆ బోల్టుల వరసకి సరిపోయే రిమ్ము తర్వాత దారిలో వెతికితే దొరకదు.

ఈ కిట్లలో అన్నిటికన్నా పెద్ద లోపం కమాను కట్టలే. ఇసుకో కట్టెలో మోయడానికి చేసిన బండి కాబట్టి పట్టీలు బిరుసుగా ఉంటాయి. 800 కిలోలకి చేసిన కట్ట మీద 450 కిలోలు పెడితే కమాను వంగనే వంగదు, గతుకుకి గతుకుకి బండి ఎగురుతుంది. అల్మరా తలుపు స్క్రూలు వదులైపోవడం, గ్యాస్ పొయ్యి గొట్టం బిగింపు సడలడం, లోపల పెట్టిన గిన్నెలు దొర్లడం అన్నీ అక్కడినుంచి వచ్చేవే. దారులు రెండు. మీ అసలు బరువుకి 20-25 శాతం మాత్రమే ఎక్కువ మోసే మెత్తటి కట్టలు వేయించుకోవడం మొదటిది, నన్నడిగితే ఇదే చేయాలి. నాలుగు పట్టీల కట్టలోంచి ఒకటి తీసేయడం రెండోది. తీస్తే రెండు వైపులా ఒకే పట్టీ తీయాలి, చెవులున్న పొడవు పట్టీని ముట్టుకోకూడదు, కట్ట సామర్థ్యం సుమారు పావు వంతు తగ్గిందని లెక్కలో రాసుకోవాలి. మళ్లీ బిగించేటప్పుడు మధ్య బోల్టు తల ఇరుసు మీది రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. అలా కూర్చోకపోతే ఇరుసు ఒక పక్కకి జరుగుతుంది, టైరు ఒక వైపే అరుగుతుంది.

కట్టల చెవుల్లో కిట్‌తో వచ్చే నైలాన్ బుష్‌లు ఎక్కువకాలం ఉండవు. గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చేస్తుంది, బోల్టు మరలు అరిగి మెరుస్తాయి. కంచు బుష్‌లు, గ్రీజు ఎక్కించుకునే బోల్టులు వేశాక ఆ గొడవ తీరింది. కట్ట చివరని ఫ్రేముకి వేలాడదీసే షాకిల్ నట్లు గట్టిగా బిగించేయకండి, షాకిల్ ఊగాలి. అందుకే అక్కడ నైలాన్ లాక్ నట్టు వాడతారు.

ఇక డ్రాబార్, అంటే ట్రైలర్‌ని కారుకి కలిపే ముందు పైపు. కిట్‌తో వచ్చేది టియర్‌డ్రాప్‌కి పొట్టి. వెనక్కి తీసేటప్పుడు క్యాంపర్ మూల కారు బంపర్‌కి తగులుతుంది, కారు వెనక తలుపు పూర్తిగా తెరుచుకోదు. 2×3 అంగుళాల బాక్స్ పైపు, 3 మిల్లీమీటర్ల గోడ ఉన్నది, ఒకే ముక్కగా తీసుకుని మూడు అంగుళాల వైపు నిలువుగా పెట్టి కనీసం రెండు అడ్డ కమ్మీల కిందుగా పోనివ్వాలి. పగుళ్లు వచ్చేది మొదటి అడ్డ కమ్మీ దగ్గర, అదీ పైపు పై ముఖం మీదో కింద ముఖం మీదో రంధ్రం వేసినచోట. యూ బోల్టులతో పట్టించండి. రంధ్రం తప్పదనుకుంటే పక్క ముఖం మధ్యలో వేసి, పైపు నొక్కుకుపోకుండా లోపల గొట్టం ముక్క పెట్టి బిగించండి.

కప్లర్ (డ్రాబార్ కొసన ఉండి, కారు వెనక బంతిని పట్టుకునే భాగం) సైజు కూడా ఇక్కడే చూసుకోవాలి. 1⅞ అంగుళాల బంతి మీద 2 అంగుళాల కప్లర్ చక్కగా మూసుకున్నట్టే కనిపిస్తుంది, ఓ పెద్ద గతుకులో ఊడి వస్తుంది.

కప్లర్ మీద పడే బరువు మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంతకు తగ్గితే వేగంలో బండి అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. టియర్‌డ్రాప్‌కి వంటగది వెనక ఉంటుంది కాబట్టి ఈ తప్పు సులభంగా జరుగుతుంది. లెక్క కష్టమేం కాదు: కప్లర్ నుంచి ఇరుసుకి దూరం 2.7 మీటర్లు, మొత్తం 450 కిలోలు, 12 శాతం కావాలనుకుంటే, బరువు కేంద్రం ఇరుసుకి 32 సెంటీమీటర్లు ముందుండాలి. ఇరుసుకి మీటరు వెనక 40 లీటర్ల నీళ్ల డబ్బా పెడితే కప్లర్ మీద 15 కిలోలు తగ్గిపోతాయి. ఇరుసుని 5 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే 8 కిలోలు తిరిగొస్తాయి. అందుకే కట్టల బ్రాకెట్లు వెల్డింగ్ చేసిన ఫ్రేము కన్నా బోల్టులతో బిగించిన ఫ్రేమే ఈ పనికి అనువు: క్యాంపర్ కట్టడం పూర్తయ్యాక కూడా ఇరుసు జరపొచ్చు. కప్లర్‌ని లాగే ఎత్తులోనే ఉంచి, దాని కింద చెక్క దిమ్మె, దిమ్మె కింద మనుషులు బరువు చూసుకునే తూకం పెడితే అంకె కనిపిస్తుంది. నీళ్లు నింపి ఒకసారి, ఖాళీగా ఒకసారి చూడండి.

బిగించేటప్పుడు అన్ని బోల్టులూ వదులుగా ఎక్కించి, మూల నుంచి మూలకి రెండు వైపులా కొలిచి, తేడా 3 మిల్లీమీటర్ల లోపుకి వచ్చాకే గట్టి చేయాలి. తర్వాత కప్లర్ మధ్యనుంచి ఇరుసు రెండు చివరలకీ కొలవాలి, అక్కడా అంతే తేడా. కిట్‌లో వచ్చే బోల్టులు నాసిగా కనిపిస్తే 8.8 గ్రేడువి కొనండి, డబ్బు పెద్దగా కాదు. మొదటి 80 కిలోమీటర్ల తర్వాత చక్రాల నట్లు, యూ బోల్టులు తప్పకుండా మళ్లీ బిగించాలి, తిరుగుతాయి, చూస్తారుగా. మడత పెట్టే రకం ఫ్రేమైతే మడత కీలు వదిలేసి రెండు సగాల్నీ పట్టీలతో కలిపి బిగించేయండి. క్యాంపర్ కట్టాక ఎలాగూ మడవలేం.

కిట్ బేరింగుల్లో కొన్నిసార్లు నిల్వకోసం పూసిన నూనె తప్ప గ్రీజే ఉండదు. కడిగి, బేరింగు గ్రీజు రోలర్ల మధ్యకి అరచేత్తో తోసి నింపాలి. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, వదులు చేసి, మళ్లీ వేళ్లతో తగిలేదాకా తిప్పి పిన్ను వేయాలి. ఆ చివరి బిగింపు స్పానరుతో చేస్తే హబ్బు కాలిపోతుంది. బయట మూత నుంచి గ్రీజు గన్‌తో ఎక్కువ తోస్తే వెనక సీలు ఊడి గ్రీజంతా రిమ్ము మీదకొస్తుంది. దారిలో ఆగినప్పుడల్లా హబ్బు మీద చెయ్యి పెట్టి చూడడం మంచి అలవాటు: గోరువెచ్చన సరే, చెయ్యి నిలవకపోతే ఆగిపోవాలి.

లైట్లు మినుకుమినుకుమంటే పదికి తొమ్మిదిసార్లు ఎర్తే కారణం. కిట్‌లో ఎర్తు ఫ్రేము ద్వారా పోతుంది, పెయింటూ తుప్పూ దాన్ని అడ్డుకుంటాయి. ప్రతి లైటుకీ విడిగా ఎర్తు వైరు లాగండి.

బోల్టు రంధ్రాల అంచుల్లో పౌడర్ కోటింగు చిట్లి తుప్పు కిందకి పాకుతుంది. క్యాంపర్ ఎక్కించక ముందే ఆ అంచులకి జింకు ప్రైమర్ వేయండి. నేలకీ ఇనుముకీ మధ్య రబ్బరు పట్టీ పెట్టి, 6 నుంచి 8 దాకా ఎమ్10 (10 మిల్లీమీటర్ల) బోల్టులతో, పెద్ద వాషర్లు వేసి బిగించాలి. ప్లైవుడ్ అడుగుకి, ముఖ్యంగా అంచులకి, తారు పూత తప్పనిసరి.

పాత బోటు ట్రైలర్ దొరికితే? డ్రాబార్ పొడవుగా ఉంటుంది, గాల్వనైజ్డ్ అయ్యుండొచ్చు. కానీ ఉప్పునీళ్లలో దింపిన పైపు లోపలినుంచి తుప్పు పడుతుంది, పైకి కనపడదు; సుత్తితో తట్టుకుంటూ పోతే బోలుచప్పుడు మారినచోట తెలుస్తుంది. అడ్డ కమ్మీలు వంపుగా ఉంటే నేల సమంగా కూర్చోదు. గాల్వనైజ్డ్ మీద వెల్డింగ్ చేయాల్సొస్తే ముందు జింకు పొర గ్రైండర్‌తో తీసేయాలి, లేకపోతే అది కాలిన పొగకి జ్వరం పట్టుకుంటుంది. ఇవన్నీ చేయించే వెల్డరు దగ్గర్లో ఉంటే పాతది లాభమే. లేకపోతే కొత్త కిట్ కొని, మిగిలిన డబ్బు కట్టలకీ డ్రాబార్‌కీ పెట్టండి. పైగా తయారీ ప్లేటు, కాగితాలు ఉన్న కిట్‌కి రిజిస్ట్రేషన్ దగ్గర తిరుగుడు తక్కువ.