ఏడేళ్లుగా ఆడిట్‌వీల్‌తో

నేను చూసుకునే పైథాన్ మాడ్యూల్ మ్యాపు చిత్రాలు చదువుతుంది, ఏ పిక్సెల్ భూమ్మీద ఎక్కడ పడుతుందో లెక్కగట్టి చెబుతుంది. లోపల పనంతా సీ కోడుది. దానికి టిఫ్ చిత్రాలు చదివే లిబ్‌టిఫ్, మ్యాపు కోఆర్డినేట్లు మార్చే ప్రోజ్ అనే లైబ్రరీలు లేనిదే గడవదు. 2018లో మొదటి వెర్షన్ విడుదల చేసినప్పుడు, ఈ రెండూ ముందే ఇన్‌స్టాల్ చేసుకోండని రీడ్‌మీలో ఒక ముక్క రాసి ఊరుకున్నాను. ఆ తర్వాత వచ్చిన ఫిర్యాదులు చాలావరకు ఒకటే: పైథాన్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్‌తో ఇన్‌స్టాల్ బాగానే అవుతోంది, ఇంపోర్ట్ దగ్గరికొచ్చేసరికి లైబ్రరీ దొరకలేదని ఆగిపోతోంది. ఒకరి మెషిన్‌లో అసలు లిబ్‌టిఫే లేదు. ఇంకొకరిది సెంటోస్ 6 అనే పాత లినక్స్. అందులో లిబ్‌టిఫ్ ఉంది, కానీ పేరు చివర 5 ఉండాల్సిన చోట 3 ఉంది. ప్రోగ్రాంకి కావలసిన లైబ్రరీలను వెతికి తెరిచే లోడరుకి ఆ రెండూ వేర్వేరు లైబ్రరీలు.

ఆ బాధ తీర్చింది ఆడిట్‌వీల్ అనే టూల్. బిల్డ్ అయిన వీల్‌ను, అంటే పిప్ ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ ఫైలుని దానికిస్తే, అందులోని ప్రతి ఎస్ఓ ఫైలూ (కంపైల్ అయిన సీ కోడు) ఏయే లైబ్రరీలను పిలుస్తోందో చూస్తుంది. మామూలు లినక్స్ సిస్టమ్ అన్నాక ఉంటాయని నమ్మదగ్గ గ్లిబ్‌సీ (లినక్స్‌లో సీ భాష మూల లైబ్రరీ) లాంటి కొన్నింటిని వదిలేసి, మిగతావన్నీ వీల్‌లోకి కాపీ చేస్తుంది. అలా కాపీలు చేరి రిపేర్ అయిన వీల్‌ని మొదటిసారి అన్‌జిప్ చేసి చూసిన రోజు నాకింకా గుర్తుంది. లిబ్స్ అనే ఫోల్డరు కొత్తగా వచ్చి చేరింది. అందులో లిబ్‌టిఫ్, దాని వెనకే అది పిలిచే జెపెగ్, జెబిగ్ అనే కంప్రెషన్ లైబ్రరీలు. ప్రతి పేరు మధ్యలో ఎనిమిది అక్షరాల హ్యాష్, అంటే ఫైలులో ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టిన గుర్తు. ఆ హ్యాష్ ఎందుకో అర్థమయ్యాక ఈ టూల్ రాసినవాళ్ల మీద గౌరవం పెరిగింది. ఒకే ప్రాసెస్‌లో రెండు ప్యాకేజీలు రెండు లిబ్‌టిఫ్‌లు తెచ్చాయనుకోండి, పేరు ఒకటే అయితే లోడరు ముందొచ్చినదాన్నే రెండోదానికీ అంటగడుతుంది. పేరు మారిస్తే ఎవరిది వాళ్లకి దొరుకుతుంది. నా ఎస్ఓ ఫైలు ఆ కొత్త పేర్లతోనే, ఆ ఫోల్డరులోనే వెతికేలా ప్యాచ్‌ఎల్ఫ్ అనే ఇంకో టూల్ సాయంతో ఆర్‌పాత్ (లైబ్రరీలను ఎక్కడ వెతకాలో ఫైలులోనే రాసి ఉండే దారి) కూడా అదే సరిచేస్తుంది.

ఇది చేయలేని పని ఒకటుంది, అది ముందే తెలియాలి. కొత్త సిస్టమ్‌లో కంపైల్ చేసిన కోడుని పాత సిస్టమ్‌లో నడిచేలా మార్చడం దీనివల్ల కాదు. ఒకసారి తొందరలో, పాత లినక్స్‌తో తయారైన మెనీలినక్స్ కంటైనర్ వాడకుండా నా సొంత మెషిన్‌లోనే బిల్డ్ చేసి ఇచ్చాను. సింబల్స్ (నా కోడు గ్లిబ్‌సీ నుంచి పిలిచే ఫంక్షన్ల పేర్లు) మరీ కొత్తవని, నేనడిగిన మెనీలినక్స్ 2014 ట్యాగ్, అంటే వీల్ ఎంత పాత లినక్స్ దాకా నడుస్తుందో చెప్పే గుర్తు, ఇవ్వనని మొండికేసింది. నా కోడులో కొత్తదేమీ లేదు, ఒక థ్రెడ్ సృష్టించడం తప్ప. తీరా చూస్తే, 2021లో వచ్చిన గ్లిబ్‌సీ 2.34 థ్రెడ్ల లైబ్రరీని ప్రధాన లిబ్‌సీలో కలిపేసింది. దాంతో ఎప్పట్నుంచో ఉన్న ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ ముద్ర పడింది. 2014 ట్యాగ్ ఒప్పుకునేది గ్లిబ్‌సీ 2.17 దాకానే. ఆ రోజు నుంచి మెనీలినక్స్ కంటైనర్ బయట విడుదల బిల్డ్ చేయలేదు.

నన్ను ఎక్కువ ఏడిపించింది ప్రోజ్. వెర్షన్ 6 నుంచి దాని సమాచారమంతా ప్రోజ్ డీబీ అనే ఎస్క్యూలైట్ డేటాబేస్ ఫైలులో ఉంటుంది. ఆడిట్‌వీల్ లైబ్రరీని తెస్తుంది, డేటా ఫైలుని తీసుకురాదు. డీఎల్ఓపెన్ అనే ఫంక్షన్‌తో ప్రోగ్రాం నడుస్తుండగా తెరుచుకునే లైబ్రరీలూ దాని కంటికి ఆనవు. అందుకే మా మాడ్యూల్ ఇంపోర్ట్ అయ్యేది, కోఆర్డినేట్లు మార్చబోతే డీబీ లేదనేది. ఆ ఫైలుని ప్యాకేజీలో పెట్టి, దాని దారిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టేశాను. అక్కడే తప్పు చేశాను. ఆ వేరియబుల్ ప్రాసెస్ మొత్తానికీ వర్తిస్తుంది. పక్కనే ఇంకో మ్యాపు ప్యాకేజీ తన సొంత ప్రోజ్‌తో ఉంటే, అది కూడా నా పాత డీబీనే తెరిచి, వెర్షన్ సరిపోవట్లేదని పడిపోయేది. నా కోడు వల్ల వేరేవాళ్ల ప్రోగ్రాం ఆగిపోయిందని తెలిసినప్పుడు నిజంగా బాధేసింది. ఇప్పుడు డీబీ దారిని నా కోడు తెరిచే ప్రోజ్ కాంటెక్స్ట్‌కి (దాని సొంత సెట్టింగులకి) మాత్రమే ఇస్తున్నాను, వేరియబుల్ జోలికి పోను.

మ్యాక్‌కి డీలొకేట్, విండోస్‌కి డెల్వ్‌వీల్ ఇదే పని చేస్తాయి. మూడింటినీ, అన్ని సిస్టమ్‌లకీ వీల్స్ బిల్డ్ చేసే సీఐబిల్డ్‌వీల్ కింద నడుపుతాను, వాటితో పెద్దగా పేచీ రాలేదు.

ఇన్నేళ్లలో నాకు ఆలస్యంగా తెలిసొచ్చింది వేరే ఉంది. 2023 సెప్టెంబరులో, వెబ్‌పీ చిత్రాలు చదివే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో ప్రమాదకరమైన లోపం బయటపడింది, 1.3.2లో సరిచేశారు. లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు తమ లైబ్రరీలను అప్‌డేట్ చేశాయి, వాడేవాళ్లు తమ పని అయిపోయిందనుకున్నారు. కానీ మా వీల్‌లోని లిబ్‌టిఫ్ వెబ్‌పీ సపోర్టుతో బిల్డ్ అయినది. అంటే హ్యాష్ పేరుతో పాత లిబ్‌వెబ్‌పీ ఆ లిబ్స్ ఫోల్డరులో అలాగే కూర్చుని ఉంది, సిస్టమ్ అప్‌డేట్ దాన్ని తాకను కూడా తాకదు. అదే లైబ్రరీని తమ వీల్‌లో పెట్టుకునే పిల్లో (పైథాన్ చిత్రాల ప్యాకేజీ) వాళ్లు ఆ నెలలోనే, సరిచేసిన 10.0.1 విడుదల చేశారు. నేను మాత్రం, నా వీల్‌లో వెబ్‌పీ ఉందా అని ఒకరు అడిగితే తప్ప చూసుకోలేదు. ఉంటుందన్న ఊహే నాకు లేదు, నేనెప్పుడూ అడిగి పెట్టింది కాదు కాబట్టి. రిపేర్ చేసేటప్పుడు టూల్ తన లాగ్‌లో అన్ని పేర్లూ చెప్పింది, నేనే చదవలేదు.

ఆ రాత్రే వెబ్‌పీ తీసేసి లిబ్‌టిఫ్‌ను మళ్లీ కంపైల్ చేశాను. మా చిత్రాల్లో ఆ కంప్రెషన్ ఎవరూ వాడరు. ఇప్పుడు బిల్డ్ చివర ఒక చిన్న స్క్రిప్ట్ లిబ్స్ ఫోల్డరులోని పేర్లను మా దగ్గరున్న జాబితాతో పోలుస్తుంది. జాబితాలో లేని లైబ్రరీ ఒక్కటి కనిపించినా విడుదల ఆగుతుంది. జాబితాలో ప్రతి పేరు పక్కనా వెర్షన్, దాని భద్రతా ప్రకటనలు ఎక్కడ వస్తాయో ఆ చిరునామా రాసి పెట్టుకున్నాం.

ఆడిట్‌వీల్‌ను ఈ రోజు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకీ నిస్సందేహంగా చెబుతాను, వాడండి. రెండు మూడు చిన్న లైబ్రరీలైతే ఇంతకంటే సులువైన దారి లేదు. పది పదిహేను పెద్ద లైబ్రరీలు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడే ప్రాజెక్టైతే మాత్రం ముందు కోండా అనే ఇంకో ప్యాకేజీ మేనేజర్ వైపు చూడండి. అక్కడ లిబ్‌టిఫ్ విడి ప్యాకేజీగా ఉంటుంది, అందరూ దాన్నే పంచుకుంటారు, లోపం దిద్దితే ఒక్కచోట దిద్దితే చాలు. మా మాడ్యూల్ వాడేవాళ్లలో ఎక్కువమంది పిప్ దగ్గరే ఉన్నారు, అందుకే మేమూ ఇక్కడే ఉన్నాం. ప్రస్తుతం మా జాబితాలో ఆరు పేర్లున్నాయి. వచ్చే విడుదలకి జెబిగ్‌ను కూడా తీసేయగలమేమో చూస్తున్నాను.