ఇటలీలో ఇల్లు కొనేవాళ్ళు జాగ్రత్త: ప్రొపొస్తా అంటే మన బయానా కాదు

ఇటలీలో సొంతిల్లు చూసుకుంటున్న మనవాళ్ళందరికీ చెప్తున్నా, ముఖ్యంగా ఒకట్రెండు వారాల్లో ఏజెంట్ దగ్గర ప్రొపొస్తా (ఈ ఇల్లు ఇంతకి కొంటాం అని రాసిచ్చే కాగితం) మీద సంతకం పెట్టబోతున్నవాళ్ళు దయచేసి మొత్తం చదవండి. మాకు జరిగింది ఇంకొకళ్ళకి జరక్కూడదు.

మేము మిలాన్ పక్కనే సెస్తో సాన్ జొవాన్నిలో ఆరేళ్ళుగా అద్దెకుంటున్నాం, బాబు రెండో క్లాసు. కిందటేడు మెట్రోకి నడిచెళ్ళే దూరంలో ఒక ఇల్లు దొరికింది, 2,10,000 యూరోలు. నాకు అందులో అన్నిటికన్నా నచ్చింది వంటగదే. బాల్కనీకి అల్యూమినియం ఫ్రేములు పెట్టి అద్దాలు బిగించి, స్టవ్వూ సింకూ అక్కడికి జరిపేశారు, పొద్దున్నే ఎండ పడుతుంది, పోపు ఘాటు హాల్లోకి రాదు, గ్రైండర్ ఏ మూల పెట్టాలో కూడా చూసేసుకున్నా. అత్తయ్యగారు వీడియో కాల్లో చూసి పొయ్యి ఆగ్నేయంలోనే వచ్చిందమ్మా అని సంతోషపడ్డారు.

రెండోసారి చూడ్డానికెళ్ళిన రోజు ఏజెంట్, ఇంకో ఫ్యామిలీ కూడా అడుగుతోంది, ఇవాళే ప్రొపొస్తా పెట్టేస్తే ఇల్లు మీదే అన్నాడు. లోన్ రాకపోతే ఎలా అంటే ప్రాబ్లం ఏం లేదు, చూసుకుందాం అన్నాడు. మన ఊళ్ళో బయానా ఇస్తాం కదా, కుదరకపోతే పెద్దమనుషుల్ని పెట్టి మాట్లాడుకుని వెనక్కి తీసుకుంటాం, ఇదీ అంతే అనుకుని 8,000 యూరోల చెక్కు రాసిచ్చి అచ్చు ఫారం మీద ఇద్దరం సంతకాలు పెట్టేశాం. అంతే కాదండీ ఇది. ఓనర్ ఆ కాగితం ఒప్పుకుని సంతకం పెట్టినట్టు మనకి తెలిసిందంటే అప్పటినుంచి అది పక్కా అగ్రిమెంట్. చెక్కు కపర్రా కింద మారుతుంది, అంటే కారణం లేకుండా మనం తప్పుకుంటే ఆ డబ్బు ఓనర్‌దే, ఆయన తప్పుకుంటే మనకి డబుల్ ఇవ్వాలి. ఏజెంట్ కమిషన్ కూడా మామూలుగా అప్పుడే పడుతుంది, నొతాయో (సేల్ డీడు రాసే నోటరీ) దగ్గర రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఆగదు.

ఆ తర్వాత లోన్ కోసం ఇల్లు చూడ్డానికి బ్యాంకు తరఫున పెరీతో, అంటే ఇంటి విలువ కట్టే ఆయన వచ్చాడు, ఒక చేతిలో లేజర్ మీటరు, ఇంకో చేతిలో ప్లానిమెత్రీయా (సర్కారు ఆస్తుల రికార్డులో ఉండే ఇంటి ప్లాను) ప్రింటు. గదులన్నీ కొలుచుకుంటూ వచ్చి వంటగదిలో ఆగిపోయాడు. కాగితం నావైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు. మేము స్టవ్వు పక్కన నిలబడ్డ చోట, ఆ కాగితంలో బల్కోనె అని రాసుంది. అసలు వంటగదేమో ఇప్పుడు పిల్లల బెడ్‌రూమ్. నాకు కాళ్ళల్లో వణుకొచ్చేసింది, ఎందుకంటే అప్పటికే మేము అద్దింటికి ఆరు నెలల నోటీసు ఇచ్చేసి ఉన్నాం.

బ్యాంకు లోన్ ఆపేసింది. ఓనర్ ఏమో మీరు కళ్ళారా చూసే సంతకం పెట్టారు కదా అన్నాడు. ఏజెంట్ నోటితో చెప్పిన లోన్ మాట కాగితంలో ఎక్కడా లేదు, పైగా 3% కమిషన్, దాని మీద 22% ఈవా (ఇక్కడి జీఎస్టీ లాంటి పన్ను) కలిపి 7,686 యూరోల బిల్లు పంపాడు. లాయర్ని పెట్టుకున్నాం. జెయోమెత్రా (ఇళ్ళ ప్లాన్లూ కొలతలూ చూసే టెక్నీషియన్) కొమూనెలో, అంటే మున్సిపాలిటీలో పాత ఫైళ్ళు తీయిస్తే ఆ బాల్కనీ మూయడానికి పర్మిషనే తీసుకోలేదని తేలింది, అది చూపిస్తేనే ఓనర్ దిగొచ్చాడు. నాలుగు నెలలకి 8,000 చేతికొచ్చాయి కానీ ఏజెంట్‌కి 2,500, లాయర్‌కీ జెయోమెత్రాకీ 1,900 పోయాయి. ఈలోపు మా అద్దిల్లు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఇక్కడ చాలా అద్దిళ్ళల్లో వంటగది కప్‌బోర్డులు కూడా మనమే పెట్టించుకోవాలి, అవి విప్పుకుని ఇంకో అద్దింటికి మోసుకెళ్ళాం, కొత్త చోట సగం పట్టలేదు.

కాబట్టి సంతకానికి ముందే ప్లానిమెత్రీయా అడగండి. అది ఓనర్‌గానీ ఆయన రాసిచ్చినవాళ్ళుగానీ తీయాలి, మనకి మనం తీసుకోలేం, కాబట్టి ఏజెంట్ చేతే తెప్పించండి. ఆ కాగితం పట్టుకుని గది గదీ తిరగండి, గోడలూ తలుపులూ బాల్కనీలూ అన్నీ. ఇల్లు దానికి సరిపోతుందని రాయకపోతే 2010 నుంచి సేల్ డీడే చెల్లదు. అయితే అది సరిపోయినంత మాత్రాన అయిపోలేదు, కొమూనెలో ఉన్న పర్మిషన్లు వేరే, కొంతమంది ఒకచోట సరిచేయించి రెండోచోట వదిలేస్తారు, అందుకే జెయోమెత్రాని పెట్టి చూపించుకోండి, ఖర్చని చూడొద్దు. లోన్ వస్తేనే ఈ ప్రొపొస్తా చెల్లుతుంది అనే వాక్యం ఫారంలో రాయించండి, నోటిమాట నమ్మకండి. బిల్డింగ్ మెయింటెనెన్స్ బాకీలు లేవని అమ్మినిస్త్రతోరె (బిల్డింగ్ లెక్కలు చూసే మేనేజర్) దగ్గర లెటర్ తీసుకోండి, ఆ ఏడాదివీ ముందేడాదివీ ఓనర్ కట్టకపోతే కొన్న మనల్నీ అడుగుతారు. నొతాయోని ఎంచుకునే హక్కు కొనేవాళ్ళదే, ఫీజు కట్టేది మనమే. ఏజెంట్ చెప్పినాయన దగ్గరికే వెళ్ళక్కర్లేదు, మీకు నచ్చినాయనకి ప్రొపొస్తా కాగితం ముందే చూపించండి.

ఈమధ్య ఒక శనివారం మోన్‌జాలో ఇంకో ఇల్లు చూశాం. అక్కడి ఏజెంట్ కూడా ఫారం, పెన్ను తీసి టేబుల్ మీద పెట్టాడు. మా ఆయన ముందు ప్లానిమెత్రీయా ఇవ్వండి అన్నారు. సాయంత్రానికి మెయిల్ చేస్తానన్నాడు, వారం దాటింది, రాలేదు. ఆ ఇల్లు వదిలేశాం.