మందుల ధరలపై పోరాటం: కోర్టులోనా, చట్టసభలోనా?

మందుల ధరలు తగ్గించాలన్నా, రోగుల హక్కులు కాపాడాలన్నా ప్రజా ప్రయోజన వ్యాజ్యం వేయవచ్చు, లేదా చట్టం కోసం పట్టుబట్టవచ్చు.

ఖర్చు, శ్రమ: వ్యాజ్యానికి ఓపికగల న్యాయవాది ఒక్కరున్నా చాలు. చట్టానికి ప్రభుత్వాన్నే ఒప్పించాలి. ప్రైవేటు మెంబరు బిల్లును (మంత్రి కాని సభ్యుడు పెట్టే బిల్లును) నమ్ముకోవడం దండగ, 1970 తర్వాత అలాంటిదొక్కటీ పార్లమెంటులో నెగ్గలేదు.

ఫలితం: ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం నడిచిన దరిమిలా గుండె స్టెంట్లు 2016లో అత్యవసర మందుల జాబితాకెక్కాయి, 2017 ఫిబ్రవరిలో మందు పూత ఉన్న స్టెంటుకు పన్నులు కాక రూ. 29,600 గరిష్ఠ ధరగా నిర్ణయించారు. అయితే ఆ నియంత్రణకు ఆధారం 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టమే. అది లేకుంటే న్యాయమూర్తులు మాత్రం ఏం చేయగలరు? 2005లో సవరించిన పేటెంట్ల చట్టంలోని 3(డి) సెక్షను (గుణం పెరగకుండా పాత మందుకు కొత్త రూపమిస్తే పేటెంటు రాదనేది) ఆధారంగానే 2013లో సుప్రీంకోర్టు కేన్సర్ మందు గ్లివెక్‌కు పేటెంటు కోరిన నొవార్టిస్ కంపెనీ అప్పీలును కొట్టివేసింది.

రిస్కు: వ్యాజ్యం ఓడితే ఆ తీర్పే తర్వాతివారికి అడ్డంకి కావచ్చు. బిల్లు స్థాయీ సంఘంలో (బిల్లులను పరిశీలించే ఎంపీల కమిటీలో) నీరుగారిపోవచ్చు.

ఉన్న నిబంధన అమలు కానప్పుడు, ఒక్క మందు ధరే సమస్య అయినప్పుడు కోర్టు మేలు. కంపెనీలు వైద్యులకిచ్చే కానుకల విషయంలో మాత్రం, 2024 నాటి మార్కెటింగ్ నియమావళికి చట్టబలం లేదు కనుక, చట్టం కోసమే పోరాడాలి.